పెయ్య నడిచినంత నేల

అమ్మా,

సముద్రానికి ఇవతలి నుంచి నీ పెద్దకూతురు యోరున్ దండం పెట్టి రాయిస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమంతా తిని, కట్టుకుని, ఒక కప్పు కింద పడుకుంటున్నాం. అక్కడ నువ్వూ తమ్ముడూ, మన గొర్రెలూ చల్లగా ఉన్నారని తలుస్తాను.

నేను చెబుతుంటే ఫేలాన్ రాస్తున్నాడు. ఐర్లండు మఠంలో నేర్చిన అక్షరాలు ఇంకా మర్చిపోలేదు. నేను బానిసత్వం నుంచి విడిపించాక నోరు కూడా లేచింది. ఇప్పుడే కలం ఆపి, "మేమంతా అని రాయమంటారా అమ్మగారూ?" అని అడిగాడు. రాయమన్నాను.

ఈ వేసవి మొదటి ఓడలో నీ జాబు అందింది. తిండికి ఏం చేస్తున్నారని అడిగావు. చలికాలమంతా ఎండుచేపలతో, సీలు అనే సముద్రజంతువు కొవ్వుతో నెట్టుకొచ్చాం. ఇప్పుడు పాలున్నాయి, వెన్న తీస్తున్నాం. నా నడుం నొప్పి సంగతి అడిగావు. ఇక్కడ నేలలోంచి వేడినీళ్లు ఉబికి వస్తాయి. వాటిలో కూర్చుంటే నొప్పి ఇట్టే పోతుంది. నువ్వు నమ్మవు, తెలుసు. మా ఓడ నడిపిన ఉల్ఫర్ భార్య కవలల్ని కన్నది. ఇద్దరూ గొంతు చించుకుని ఏడుస్తారు, కాబట్టి బతుకుతారు.

మగదిక్కు లేకుండా ఓడెడు మందిని ఎలా సాకుతావే అని బెంగపడ్డావు. దిక్కు సంగతి సరే, నాకు నేల కావలసి వచ్చింది. సొంత నేల లేకపోతే నా వాళ్లంతా ఒకరి గడప దగ్గర కూలికి నిలబడాలి. ఇక్కడి కట్టుబాటు ఇదీ: మగవాడు ఒక పగటిలో హద్దు వెంట నిప్పులు పెట్టుకుంటూ ఎంత మేర చుట్టి వస్తే అంత అతనిది. ఆడది రెండేళ్ల పెయ్యను పట్టుకుని, వసంతంలో ఒక రోజు, పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేలోగా ఎంత చుట్టి వస్తే అంత ఆమెది.

సాక్షిగా పక్క తీరం పెద్ద బ్రుసి వచ్చాడు. "పెయ్యని నువ్వు నడిపిస్తావో, పెయ్యే నిన్ను ఈడ్చుకుపోతుందో చూద్దాం యోరున్!" అని అందరి ముందూ నవ్వాడు.

"నీ నిప్పుకి గాలి కలిసి రావాలి బ్రుసీ. నా పెయ్యకి నా చెయ్యి చాలు," అన్నాను. మా వాళ్లు ఘొల్లుమన్నారు. ఆ రోజు ఆ తర్వాత మళ్లీ నవ్వు వినలేదు.

టోకికి దగ్గు తగ్గిందా, నువ్వు అల్లి పంపిన చేతితొడుగులు సరిపోయాయా అని అడిగావు. ఇంతసేపూ ఆ మాట దాటేశాను. ఇక దాటలేను.

అమ్మా, నీ మనవడు లేడు. పోయిన శరత్కాలంలో దిగే రోజున ఓడ రాళ్లకి కొట్టుకుంది. వాడు తాడు అందుకోబోయి నీళ్లలో పడ్డాడు. మర్నాడు, పడమట సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతికొమ్ము దగ్గర ఒడ్డుకి చేరాడు. అక్కడే పూడ్చి, మీద రాళ్లు పేర్చాం. తొడుగులు నా దగ్గరే ఉన్నాయి.

ఇది సముద్రం చేసిన పని. నేను చేసింది వేరే ఉంది.

పెయ్యతో బయలుదేరిన చోట దారి రెండుగా చీలుతుంది. పడమటికి పోతే రాతికొమ్ము, నా బిడ్డ సమాధి. అటంతా గాలీ ఉప్పూ, గడ్డి మొలవదు. తూర్పుకి పోతే ఏరు, చేపలు, మోకాలెత్తు పచ్చిక. రెండూ చుట్టడానికి ఒక పగలు చాలదు. నేను చీలిక దగ్గర ఆగిపోయాను. ఉల్ఫర్ దగ్గరికొచ్చి, "ఎటు తిప్పినా మీ వెనకే ఉంటాం అమ్మగారూ. మీరు పడమటికి పోయినా ఒక్కడూ తప్పు పట్టడు," అన్నాడు. తిడితే బాగుండేది. వాడి భార్య నిండు కడుపుతో ఒక రాయి మీద కూర్చుని నా వైపు చూస్తోంది.

పెయ్య మెడ తూర్పుకి తిప్పాను. వెనక్కి చూడలేదు. చూస్తే నా కాళ్లు నా మాట వినేవి కావు.

పొద్దు గూకేలోగా ఏరంతా మాదైంది. మర్నాడే బ్రుసి నిప్పులు పెట్టుకుంటూ వెళ్లి రాతికొమ్ము తనదని చాటాడు. నేను వెళ్లి ఆ సమాధి ఉన్న నేల ఇమ్మని అడిగాను. "నీ కొడుకుని నేనేం తవ్వి పారెయ్యను. చూడాలంటే నా అనుమతి అడిగి రా. నేల కావాలంటే ఏటి పై సగం ఇయ్యి," అన్నాడు. ఇవ్వనన్నాను. ఆ నీళ్లు నా ఒక్కదానివి కావు. నా బిడ్డని చూసుకోవడానికి బ్రుసి గడప దగ్గర నిలబడుతున్నాను. నా వాళ్లెవరూ కూలికి నిలబడక్కర్లేదు.

వచ్చే వేసవికి వస్తానన్నావు, రా. నీకు ఏటి పక్కన గది కట్టిస్తాను. కానీ ఒక మాట. ఓడ ముందు ఆ రాతికొమ్ము పక్కగానే వస్తుంది. ఒడ్డున రాళ్ల గుట్ట కనిపిస్తుంది. ఏడుస్తావు, ఏడువు. ఓడ ఆపమని మాత్రం అడగకు అమ్మా, అది మన నేల కాదు.

ఇట్లు,
నీ బిడ్డ, టోకి వాళ్లమ్మ,
యోరున్