ఎడమవైపు మొదలు

అక్కా,

నువ్వు వద్దన్నా మన ఇంటిపేరువాళ్ళ సమావేశానికి వెళ్ళాను. నాన్న ఆరేళ్ళప్పుడు తప్పిపోయాడనీ, ఇంటిపేరు తప్ప ఇంకేమీ చెప్పలేకపోయాడనీ వాళ్ళకు చెప్పాను.

"తాత పేరే తెలియకపోతే ఏ వరస కలపమంటావయ్యా?" అని ఒకాయన నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. లేచి వచ్చేస్తుంటే గుమ్మం దగ్గర ఒక ముసలావిడ బుట్ట మొదలుపెడుతోంది. మొదటి వెదురు బద్దను ఎడమవైపుకు తిప్పింది అక్కా! అలా తిప్పుతాడనే కదా తోటి బుట్టలల్లేవాళ్ళు ఇప్పటికీ నాన్నను ఎగతాళి చేసేది.

"మా నాన్నదీ ఇదే మొదలు" అన్నాను.

ఆవిడ చేతులు ఆగిపోయాయి. "మా అమ్మది ఎడమచేతి వాటం. మాకు నడకతో పాటే ఇదీ నేర్పింది. మా తమ్ముడు, మా చిన్నోడు, సంతలో తప్పిపోయాడు" అంది.

గోడ మీది వంశవృక్షంలో ఆవిడ పేరు పక్కన ఒక గడి ఖాళీగా ఉంది. చనిపోయాడని రాయడానికి వాళ్ళమ్మ చివరిదాకా ఒప్పుకోలేదట. అక్కడ నాన్న పేరు రాయమని పెన్ను చేతికిచ్చారు గానీ రాయలేకపోయాను.

ఆదివారం నాన్నను తీసుకురా. ఏం చెప్పి బయల్దేరదీస్తావో నీ ఇష్టం. డెబ్బై ఏళ్ళ మనిషిని చిన్నోడా అని పిలవడానికి ఇక్కడ ఒకావిడ కూర్చుని ఉంది.

నీ తమ్ముడు