ఒకే కోర్ మీద ఇద్దరు వ్యాపారులు

గౌరవనీయులైన రాజేశం సార్‌కు,

ఇది మీకు అందదని తెలిసే, కార్యాలయ నమూనా ప్రకారం రాస్తున్నాను.

మన పత్తి యార్డు సర్వర్‌లో ఇద్దరు వ్యాపారుల టెండర్లు ఒకే ప్రాసెసర్ కోర్ మీద, అంటే లెక్కలు చేసే ఒకే భాగం మీద, నడిస్తే, ఒకరి ధరను మరొకరు దొంగచాటుగా చూడవచ్చని గుర్తించి, ఎవరి కోర్ వారికి విడిగా కేటాయించింది మీరే. భద్రత పెరిగింది, వేగం తగ్గింది. ఆలస్యం ఓర్వలేని ఒక వ్యాపారి మనిషి, బేళ్లు లాగే ఇనుప కొక్కెంతో మీ తల పగలగొట్టి నేటికి ఏడాది.

విచారణ సంఘం కొక్కేన్ని నిర్దోషిగానూ, మీ విడి కోర్ల సెట్టింగును దోషిగానూ తేల్చింది. పాత పద్ధతికి మార్చాలని ఈ ఉదయం, మీ కుర్చీలో ఉన్న నాకు ఉత్తర్వు అందింది. వరుసలో నిలబడ్డ ఉట్నూర్ రైతు భీంరావు అభిప్రాయం సేకరించాను.

"ఆలస్యమైతే కానియ్ సారూ, పొద్దూకే దాక కూసుంట. ఒకని ధర ఇంకొకడు చూసి ఒక్క రూపాయే ఎక్కువేసి ఊకుంటే, మా పత్తికి రేటేడొస్తది?"

మిమ్మల్ని చంపిన ఆ వ్యాపారి మనిషి బెయిలుపై వచ్చి, ఆ నిర్దోషి కొక్కెంతోనే నేనున్న సర్వర్ గది బయట నిలబడ్డాడు.

"మార్చినవా లేదా బే? రాజేశం పక్కకు నిన్ను గూడ పండవెడ్త!"

తలుపు మీద మూడో దెబ్బ పడింది. పై చెక్క చీలింది. సెట్టింగు మీరు ఉంచినట్టే ఉన్నదని ఇందుమూలంగా తెలియజేయడమైనది.