పోయాడు అన్న మాట

జూన్ 2, ఆదివారం

ఎట్టకేలకు వదినను లైబ్రరీకి లాక్కెళ్ళాను, మా డిటెక్టివ్ నవలల క్లబ్బుకి. అన్నయ్య లారీ ఏటి వంతెన మీద ఖాళీగా దొరికి రెండేళ్ళయింది. మనిషి దొరకలేదు. అప్పటినుంచీ ఈవిడ పనికి తప్ప గడప దాటితే ఒట్టు.

లైబ్రేరియన్ తలా ఒక కాపీ ఇచ్చింది. ఎప్పటిలాగే చివరి అధ్యాయానికి స్టేప్లర్ పిన్నులు కొట్టి ఉన్నాయి. ఆఖరి మీటింగులోనే తీయాలి. ఇదంతా లెక్కల మాస్టారి పుణ్యం. హంతకుడెవరో ముందే చూసేసి మా ప్రాణాలు తోడేసేవారు.

వదిన ఆ పిన్నుల్ని వేలితో తడిమి చూసింది.

జూన్ 9, ఆదివారం

బుద్ధి గడ్డి తిని ఈ నవల ఎంచింది నేనే.

కథలో మొగుడు కనిపించకుండా పోతాడు. పోలీసులు అడిగితే పెళ్ళాం, మా ఆయన పోయాడు, అంటుంది. శవం దొరక్కముందే చచ్చాడని ఎలా తెలిసింది, ఆవిడే చంపింది, అని మాస్టారు. ఇల్లు వదిలి పోయాడని కూడా అర్థం వస్తుంది కదా, అని లైబ్రేరియన్. ఇక గంటసేపు పోయాడు, పోయాడు, పోయాడు.

మా ఇంట్లో ఆ మాట ఎవరి నోటా రాదు. అన్నయ్య వెళ్ళాడు అంటాం. ఆఖరికి కరెంటు పోయినా, కరెంటు లేదు అంటాం. అలా అనాలని ఎవరూ అనుకోలేదు, అలవాటైపోయింది. నాకు వదిన మొహం చూసే ధైర్యం లేకపోయింది.

అప్పుడు వదినే నోరు విప్పింది. ఆవిడ అబద్ధమాడలేదండీ, రెంటిలో ఏదో తనకే తెలియక ఆ మాట వాడింది, అంది. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

జూన్ 13

స్టేషన్ నుంచి ఫోన్. వంతెన కింద నీళ్ళు తగ్గి ఎముకలు బయటపడ్డాయట. డీఎన్ఏ టెస్టుకి తోడబుట్టినవాళ్ళు కావాలన్నారు. వెళ్ళి రక్తం ఇచ్చి వచ్చాను. వదినకు చెప్పలేదు. ఏమని చెప్పను?

జూన్ 16, ఆదివారం

పిన్నులు పీకి పైకి చదివారు. మొగుడు బతికే ఉన్నాడు. వేరే ఊళ్ళో వేరే కాపురం. శుద్ధ మోసం అని మాస్టారు పదికి రెండు వేశారు. లైబ్రేరియన్ ఏడు.

వదిన తన పిన్నులు తీయలేదు. చదువుతున్నంతసేపూ వరండాలో నిలబడింది. తర్వాత లోపలికొచ్చి, ఆ ఒక్క మాటకే పదికి పది, అంది. పేపరు చూడకుండానే మార్కులా అని మాస్టారు నవ్వబోయి ఊరుకున్నారు.

దారిలో నా మోచేతి దగ్గర కమిలిన మచ్చ చూసి ఏమిటని అడిగింది. నీరసంగా ఉంటే టెస్టు చేయించుకున్నానన్నాను. నమ్మలేదు. ఇంకేమీ అడగలేదు కూడా. నామీద నాకే ఒళ్ళు మండింది. ఆ పుస్తకంలో వాడెవడో బతికున్నందుకు ఇంకా మండింది.

జూన్ 28, సాయంత్రం

మ్యాచ్ అయిందట. మా అన్నయ్యే.

జూన్ 28, ఏడున్నర

వంటగదిలో వదిన కూరలు తరుగుతోంది. గుమ్మంలో నిలబడ్డాను. నా మొహం చూసి చాకు పక్కన పెట్టింది. అంతలో లైటు ఆరింది.

కరెంటు పోయింది, అంది వదిన. ఆ మాటే అంది.

పోయాడు వదినా, అన్నాను.