ఎర్ర జెండా కర్ర

చిన్నా,

వంట చేసి మూత పెట్టాను, తిను. చెయిన్ నూనె చేతులతో తువ్వాలు ముట్టుకోకు. నేను బడి నుంచి వచ్చేసరికి ఆ సైకిల్ నడవాలో ఉండకూడదు.

మీ అన్నయ్య నడుము నొప్పికని పాత సైకిల్ కోసి, వెనక్కి వాలి తొక్కే బండి చేశావు. ఆయన పోయాక, లారీ కింద వంగిన ఫ్రేము సాపు చేశావు. ఆయన కాళ్లకు కొలిచి పెట్టిన సీటును రెండు అంగుళాలు ముందుకు జరిపి నీకు బిగించుకున్నావు. నిన్న “గేర్లు వెన్నలా పడుతున్నాయి వదినా” అన్నావు. సంతోషం. ఆ లారీ డ్రైవరుకూ చెప్పిరా.

అంత కిందుగా ఉండే బండి నలుగురికీ కనబడాలనే ఆ జెండా కర్ర పెట్టింది. దాన్ని విప్పేసి “ఇప్పుడు రాజులా ఉన్నావురా అన్నయ్యా” అన్నావు. మర్నాడే లారీ అతను “కనబడలేదమ్మా” అన్నాడు. అతను అబద్ధమాడలేదు.

పొద్దున కర్ర మళ్లీ నేనే బిగించాను. తొక్కితే దానితోనే తొక్కు.

వదిన

ఇంకో మాట. మా బడి గేటు ముందు నుంచి మీరు వెళ్తుంటే పిల్లలు జెండా చూసి నవ్వుతున్నారు, తీయించుకోండని మీ అన్నయ్యతో అన్నది నేనే. కర్ర విప్పానని నాలుగు నెలలుగా నువ్వు తల బాదుకుంటుంటే చూస్తూ ఊరుకున్నాను. అయినా విప్పిన చెయ్యి నీదే.