ఉప్పు లేని బిళ్ళలు

గిరావీన్,
4 మార్చి 1991

క్లారా ఆంటీకి ప్రభువు పేరట వందనాలు. మా ఓనరుకి మాత్రం ఎవరి పేరటా లేవు.

నేను పనిచేసే పెంపుడు జంతువుల షాపులో పాకం పూసిన రంగు కడ్డీలు అమ్ముతున్నారు. తిన్న కుందేలు కడుపుబ్బి పడుకుంది. ఇది తిండి కాదు, మోసం అని ఓనరు మొహం మీదే అన్నాను. "అయితే నువ్వే చెయ్యి. నెలాఖరుకి ఒక్క ఆర్డరన్నా రాకపోతే వెళ్ళిపో" అన్నాడు.

లైబ్రరీలో కూర్చుని చదివాను. ఓట్సు, ఎండుగడ్డి పొడి, క్యారెట్ తురుము, కొత్తిమీర. ఉప్పు, పంచదార, నూనె, ఉల్లి, వెల్లుల్లి తగలకూడదు. బిళ్ళలు చేస్తే విరిగిపోతున్నాయి. ఎలా నిలబెట్టాలి?

మండిపోతున్న
ఎబెన్

తా.క. ఓనరు తన కుక్కకి బిస్కట్టు పెడతాడు. నాకు టీ కూడా పొయ్యడు.

---

క్రెయిగీబర్న్,
9 మార్చి

చిరంజీవి ఎబెన్‌కి దీవెనలు.

ఉప్పు లేకుండా ఏ ప్రాణి తింటుంది నాయనా? కాస్త బెల్లం, అల్లం వెయ్యి. పైన పోపు పెట్టు. విరక్కుండా ఉండాలంటే పిండిని వేడినీళ్ళతో తడిపి గంట నాననివ్వు. పల్చగా ఒత్తి, ఓవెన్‌లో సన్నటి సెగ మీద ఆరనివ్వు.

మీ అంకుల్‌కి షుగరు పెరిగింది. పథ్యం పెడితే కంచం నెట్టేసి, ఆర్వో అయ్యేసరికి, అదే మధ్యాహ్నానికి, బార్బీ పొయ్యి దగ్గర కాల్చిన సాసేజీలతో దొరుకుతారు.

చెక్కలు పంపుతున్నాను.

ఆంటీ

తా.క. డబ్బా తిరిగి పంపు. ఖాళీగా పంపకు, అది మన ఇంటావంటా లేదు.

---

గిరావీన్,
14 మార్చి

ఆంటీకి వందనాలు.

గినీ పిగ్‌కి పోపా? ఆవాలు ఎవరు ఏరుతారు, మీరా? బెల్లం మాట మళ్ళీ ఎత్తకండి.

నానబెట్టే ఉపాయం మాత్రం ఫలించింది. షాపులో నోవా అనే ముసలి గినీ పిగ్ ఉంది. బిళ్ళ పెడితే అంచు కూడా వదల్లేదు. ఓనరు చూసి, "నోవా కొనదు కదా, కొనేవాణ్ణి తీసుకురా" అన్నాడు.

డబ్బా ఖాళీగా పంపొద్దన్నారు. గదిలో ఇంకేమీ లేక ఆ బిళ్ళలే నింపాను. ఎవరికోసమో, ఏం వేశానో, ఏం వెయ్యలేదో రాసి పైన చీటీ పెట్టాను. మీ వీధిలో కుందేళ్ళున్న వాళ్ళకి ఇవ్వండి.

ఎబెన్

తా.క. చెక్కలు అయిపోయాయి. నోవాకి పెట్టలేదు, ఒట్టు.

---

క్రెయిగీబర్న్,
20 మార్చి

ఎబెన్‌కి దీవెనలు.

డబ్బా అందింది. ప్రార్థనకి వచ్చినవాళ్ళ ముందు పళ్ళెంలో పెట్టాను. మీ శౌరయ్య అంకుల్ ఒక్కరే పదకొండు తిన్నారు, ఎవరికీ మిగల్చలేదు. ఆమెన్ కూడా నోట్లో బిళ్ళతోనే అన్నారు. ఇంకా పంపు.

ఆంటీ

తా.క. కొత్తిమీర ఇంకొంచెం వేసుంటే బాగుండేది.

---

గిరావీన్,
24 మార్చి

ఆంటీ,

వందనాలు తర్వాత. చీటీ చూడలేదా? అవి గినీ పిగ్గుల బిళ్ళలు. అందులో గడ్డి ఉంది. నేనూ రుచి చూశాను, విషమేమీ కాదు. కానీ అంకుల్‌తో ఏమని చెప్పను?

నెలాఖరు వచ్చేసింది. ఒక్క ఆర్డరూ లేదు. మనుషులు తిన్నారని తెలిస్తే ఓనరు వారం కూడా ఆగడు.

భయపడుతున్న
ఎబెన్

తా.క. అంకుల్ ఎలా ఉన్నారు? నిజం చెప్పండి.

---

క్రెయిగీబర్న్,
28 మార్చి

ఎబెన్‌కి దీవెనలు.

చీటీ మూత తియ్యగానే కనిపించింది. రెండుసార్లు చదివాను. ఉప్పు లేదు, పంచదార లేదు, నూనె లేదు. డాక్టరు మూడేళ్ళుగా మొత్తుకునేది అదే. పథ్యం అంటే ఆయన ముట్టరు. అందుకే అందరి ముందూ పళ్ళెం పెట్టి, "ఇవి మీకు కాదు, గినీ పిగ్గులకి, చెయ్యి పెట్టకండి" అన్నాను. నేను వద్దన్నది తినకుండా ఆ మనిషి ఏనాడు ఊరుకున్నారు? ఇప్పుడు సాసేజీల జోలికి పోవడం లేదు, బిళ్ళలు ఎప్పుడొస్తాయని పోస్టుమాన్‌ని వేధిస్తున్నారు.

మీ ఓనరుకి ఆర్డరు పంపాను, నెలకి ఆరు డబ్బాలు. వెంటనే ఫోను చేశాడు. ఇన్ని బిళ్ళలు తినడానికి ఎన్ని జంతువులున్నాయని అడిగాడు. ఒకటే, ఎనభై ఆరు కిలోలు అన్నాను. తర్వాత, ఎబెన్ చాలా మంచి పనివాడు, పంపించే ఉద్దేశం లేదు అన్నాడు.

ఆంటీ

తా.క. పేరేంటని కూడా అడిగాడు, డబ్బా మీద రాయడానికట. శౌరయ్య అని స్పెల్లింగుతో సహా చెప్పాను.