ఏడుపు బొమ్మ మీద టిక్కు

ఆరోగ్య శాఖాధికారి గారి సముఖమునకు,

పట్టణంలో బోర్డులు రాసుకుని బతికే ఒక పౌరుడు, కుట్టుపని చేసుకునే అక్కకు ఒక్కగానొక్క తమ్ముడు, వ్రాసుకొను అర్జీ.

విషయం: పట్టణ ఆసుపత్రి అభిప్రాయ పత్రం నంబరు 1137ను రద్దు చేసి, దానికి ముందు రోగి తన చేత్తో పెట్టిన 1094ను నమోదు చేయుట; మూసివేసిన విచారణను తిరిగి తెరచుట – గురించి.

అయ్యా,

తమ కార్యాలయం నుండి వచ్చిన జవాబు రెండు వాక్యాలే కనుక నాకు బట్టీ వచ్చేసింది. "రోగి తనకు అందిన వైద్యం పట్ల మిక్కిలి సంతృప్తి వ్యక్తము చేసియున్నారు. కావున విచారణ అవసరము లేదని భావించి ఫైలు మూసివేయడమైనది." ఆ రోగి మా అక్క. మిక్కిలి సంతృప్తి వ్యక్తం చేసిన నాలుగు గంటలకు చచ్చిపోయింది. సంతోషం పట్టలేక పోయిందని తమ శాఖ భావించిందేమో నాకు తెలియదు. దిగువ విషయములు వరుసగా మనవి చేసుకొనుచున్నాను.

1. మా అక్కను ఊళ్ళో అందరూ మిషనక్క అంటారు. ముప్పై ఒక్క ఏళ్ళు ఒకే కుట్టుమిషను తొక్కింది. బడిపిల్లల యూనిఫారాలు, నర్సుల కోట్లు, సదరు ఆసుపత్రి దుప్పట్ల అంచులు కూడా ఆమె కుట్టినవే. ఒక మంగళవారం మధ్యాహ్నం మందపాటి గుడ్డ కుడుతుంటే సూది విరిగి, ముక్క కుడి బొటనవేలిలో ఉండిపోయింది. బుధవారానికి మణికట్టు దాకా వాచింది. ఆసుపత్రిలో చేర్చాను.

2. బుధవారమంతా ఆమె వేలికి పూత మందు రాశారు. సూది లోపల ఉంటే మందు బయట రాశారన్నమాట. గురువారం ఉదయం పదకొండింటికి డ్యూటీ డాక్టరు వచ్చాడు. వాపు మోచేతికి ఎక్కడం చూసి, "ఇక్కడ లాభం లేదు, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి, ఆలస్యం చెయ్యొద్దు" అని చీటీ రాశాడు. మంచి డాక్టరే. ఆ చీటీ నా చేతికి శనివారం పదకొండింటికి వచ్చింది. ఈ అర్జీ ఆ నలభై ఎనిమిది గంటల గురించి. చీటీ లేకుండానే తీసుకెళ్ళకపోయావా అని తమరు అడగవచ్చు. చీటీ లేకుండా ఆసుపత్రి వ్యాను కదలదు, పెద్దాసుపత్రి గేటు తెరుచుకోదు. రెండూ తమ ఉత్తర్వులే.

3. ఇక అభిప్రాయ పత్రం సంగతి. ఇందులో అయిదు బొమ్మలుంటాయి. మొదటిది పళ్ళు కనబడేలా నవ్వుతుంది, అయిదోది కన్నీరు కారుస్తుంది. ఆసుపత్రి వదిలివెళ్ళే ప్రతి రోగీ ఒకదాని మీద టిక్కు పెట్టాలి. పెట్టాకే చీటీ. ఇదంతా తమ శాఖ తెలివి అనుకుంటే పొరపాటు. ఆ బొమ్మలు గీసింది నేను. మూడేళ్ళ కిందట ఎనిమిది నెలలు ఆసుపత్రి గేటు ముందు టెంటు వేసి, చదువురానివాళ్ళ అభిప్రాయం అభిప్రాయం కాదా అని మైకులో గొంతు చించుకున్నది నేను. "అసంతృప్తితో ఏ రోగీ ఈ గడప దాటరాదు" అని ప్రహరీ గోడ మీద ఎర్ర రంగుతో రాసిందీ నేనే. ఫిర్యాదులు వినే కమిటీలో ప్రజల మనిషి ఒకడుండాలని, రోగి బంధువులెవరూ అందులో కూర్చోకూడదని పట్టుబట్టి రాయించిందీ నేనే. తమ శాఖ అన్నింటికీ ఒప్పుకుంది. మేం పూలదండలు వేసుకున్నాం. నినాదాన్ని నినాదంగానే చూస్తారనుకున్నాను. తమవాళ్ళు దాన్ని అక్షరం పొల్లుపోకుండా నిబంధనగా ఎక్కించారు. అసంతృప్తిగా ఉన్న రోగి గడప దాటకూడదు. దాటనివ్వరు.

4. గురువారం మధ్యాహ్నం నర్సమ్మ చీటీ ఒక చేత్తో, పత్రం ఒక చేత్తో పట్టుకుని మంచం దగ్గరికి వచ్చింది. మా అక్క కుట్టిన కోటే తొడుక్కుని ఉంది.

"మిషనక్కా, ఇక్కడొక టిక్కు పడెయ్. చీటీ ఇచ్చేస్తాను."

"దేనికే?"

"మేం ఎలా చూసుకున్నామో అని. నవ్వే బొమ్మ మీద పెట్టు, అందరూ అక్కడే పెడతారు."

"బాగా చూడలేదుగా తల్లీ."

"నాకు తెలుసులే అక్కా. పెట్టెయ్."

"నీకూ తెలిసి, నాకూ తెలిసి, మరి ఈ అబద్ధం ఎవరికోసమే?"

కుడి చెయ్యి లేవదు కనుక ఎడమ చేత్తో కలం పట్టుకుని అయిదో బొమ్మ మీద టిక్కు పెట్టింది. అలవాటు లేని చెయ్యి కనుక ఆ టిక్కు తోక గడి దాటి పక్కకు పోయింది. "ఇది మా తమ్ముడు గీసిందే. కన్నీటి చుక్క భలే కుదిరింది" అని నా వంక చూసి నవ్వింది. నాకు గర్వంగా అనిపించింది. ఈ అర్జీలో నేను సిగ్గుపడే విషయాల్లో ఇది మొదటిది.

5. నర్సమ్మ మొహం మాడిపోయింది. చీటీని తీసుకుపోయి సొరుగులో పెట్టి తాళం వేసింది. "నన్నేం చెయ్యమంటారు బాబాయ్ గారూ, అసంతృప్తి తీరాకే పంపాలి. తీరిందని కమిటీ రాయాలి. కమిటీ సోమవారం కూర్చుంటుంది" అంది. నేను రికార్డుల గుమాస్తా దగ్గరికి పరుగెత్తాను. కమిటీలో ముగ్గురు: సూపరింటెండెంటు, గుమాస్తా, ప్రజల మనిషి. ఆ ప్రజల మనిషిని నేను. ఇప్పుడే కూర్చుందాం రండి అన్నాను.

"మీరు రోగి తాలూకు కదండీ. కూర్చోకూడదు."

"అయితే మీరిద్దరే కూర్చోండి."

"ముగ్గురు లేనిదే కమిటీ కాదండీ."

"నేను రాజీనామా చేస్తాను. ఇంకొకణ్ణి పెట్టుకోండి."

"కొత్తాయన్ని ఎన్నుకోవాలంటే ముప్పై రోజుల నోటీసు ఇవ్వాలండీ. ఏడో పేజీ. ఆ పేజీ మీరు రాయించిందే."

వెటకారం కాదు, ఆయన మర్యాదగానే చెప్పాడు. పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించాడు కూడా. నేను రాయించిన నిబంధనలు నాకంటే ఆయనకే బాగా వచ్చు. నాయకులుగా తిరిగే మావాళ్ళందరికీ ఈ అర్జీ నకలు పంపుతున్నాను: గెలిచాక ఇంటికి పోయి పడుకోకండి, మీరు గెలిచిన కాగితాన్ని ఎవడు ఎలా చదువుతున్నాడో రోజూ పోయి చూడండి. నేను చూడలేదు. మూడేళ్ళలో ఆ కమిటీ ఒక్కసారీ కూర్చోలేదు. ఎందుకు కూర్చోలేదని ఒక్కసారీ అడగలేదు. ఊరంతా సంతృప్తిగా ఉందనుకున్నాను.

6. శుక్రవారం జ్వరం ఎక్కింది. మోచేతి నుంచి భుజం దాకా ఎర్రటి చార. నవ్వే బొమ్మతో ఇంకో పత్రం ఇస్తే చీటీ ఇచ్చేస్తానని నర్సమ్మ చెప్పగా, నేను కొత్త పత్రం పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాను.

"అక్కా, ఇంకొకటి పెట్టు. నవ్వే బొమ్మ మీద."

"ఒరేయ్, ముప్పై ఏళ్ళ నుంచి నోరు తెరవండి, నోరు తెరవండి అని ఊళ్ళో గోడలన్నీ పాడుచేశావు. తీరా నేను తెరిస్తే మూసుకోమంటావేంట్రా?"

"చీటీ కోసమే అక్కా."

"చీటీ ఇవ్వడం వాళ్ళ పని. ఉన్నమాట చెప్పడం నా పని. ఎవరి పని వాళ్ళని చెయ్యమను."

మా ఇంట్లో అసలు పోరాటం చేయగలిగింది ఎవరో ఆ రోజు తెలిసింది. అంతకు ముందు నేననుకునేవాణ్ణి.

7. శనివారం ఉదయం ఆమె నన్ను "నాన్నా" అని పిలిచింది. మా నాన్న పోయి ఇరవై ఏళ్ళు. నేను లేచి వెళ్ళి పత్రం అడిగాను. మొదటి బొమ్మ మీద టిక్కు పెట్టాను. దానికింద మా అక్క సంతకం చేశాను. బొమ్మ నాది, టిక్కు నాది, సంతకం నాది. బోర్డులు రాసే చెయ్యి కదా, గడి దాటకుండా శుభ్రంగా పడింది. నర్సమ్మ చూస్తూనే ఉంది, తల పక్కకు తిప్పుకుంది. నిమిషంలో సొరుగు తెరుచుకుంది, పది నిమిషాల్లో వ్యాను కదిలింది. దారిలో మూడింటికి అక్క చెయ్యి నా చేతిలోనే చల్లబడింది. పెద్దాసుపత్రి గేటు దగ్గర చీటీ చూపించాను. కాపలా మనిషి చీటీ చూశాడు, వ్యానులోకి తొంగి చూశాడు. "చీటీ అయితే సరిగ్గానే ఉందండీ" అన్నాడు.

8. తరువాత నేను విచారణ కోరగా, 1137 మీద నవ్వు ఉన్నందున అక్కరలేదన్నారు. అంతకుముందు 1094 మీద ఏడుపు ఉంది కదా అంటే, టిక్కు గడి దాటినందున ఆ పత్రం చెల్లదన్నారు. అయ్యా, ఒక్క ప్రశ్నకు జవాబివ్వండి. గురువారం ఆమెను ఆపడానికి చెల్లిన కాగితం, ఆమె ఎందుకు పోయిందని అడగడానికి ఎలా చెల్లకుండా పోయింది?

9. పట్టణవాసుల అభిప్రాయం తమకు ప్రాణప్రదం కనుక, ఈ నెల రోజులూ ఇల్లిల్లూ తిరిగి నేనే సేకరించాను. నలభై మూడు మందిని అడిగాను. నలభై మూడు మందీ ఆసుపత్రిని బండబూతులు తిట్టారు. నలభై మూడు మందీ నవ్వే బొమ్మ మీదే టిక్కు పెట్టారు. గడియారాలు బాగుచేసే పెద్దాయన, "మా ఆవిడకి కుట్లు తప్పుగా వేశారు. నవ్వే బొమ్మే పెట్టాం. బయటికొచ్చి ఇంకో చోట విప్పించుకోవాలిగా మరి!" అని నవ్వాడు. రొట్టెల కొట్టు ఆవిడ నవ్వలేదు. "నువ్వు అయిదు బొమ్మలు గీశావు గానీ నాయనా, తలుపు ఒక్కదానికే పెట్టారు. మాకందరికీ తెలుసు. మీ అక్కకు నువ్వు చెప్పలేదా?" అంది. నాకే తెలియదు.

10. ఆసుపత్రి గేటు మీది బోర్డు కూడా నా చేతి రాతే. "మా రోగులలో నూటికి తొంభై ఆరుగురు సంతృప్తులు." నెలాఖరున గుమాస్తా కబురు పంపాడు, అంకె పెరిగింది, తొంభై ఏడు చెయ్యాలని. ఆ పెరిగిన అంకెలో మా అక్క ఉంది. నిచ్చెన వేసుకుని ఎక్కాను. పాత అంకె తుడిచాను. కొత్తది రాయడానికి చెయ్యి రాలేదు, దిగిపోయాను. అందువలన ప్రస్తుతం బోర్డు మీద "నూటికి", "సంతృప్తులు" అనే మాటల మధ్య ఖాళీ ఉన్నది. ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించానని నోటీసు వచ్చింది. నష్టం కలిగించిన మాట నిజం. బోర్డు వల్ల మాత్రం కాదు.

కావున తమతో మనవి ఏమనగా: 1137 నంబరు పత్రం దొంగ పత్రం. స్పృహలేని మనిషి పేరిట నేను సంతకం చేశాను. పై ఏడో అంశాన్ని నా ఒప్పుకోలుగా తీసుకుని నా మీద కేసు పెట్టండి. శిక్ష వేయించండి, నేను వకీలును పెట్టుకోను. శిక్ష పడితే ఆ పత్రం దొంగదని రుజువవుతుంది. రుజువైతే రద్దవుతుంది. రద్దయితే 1094 మిగులుతుంది. మా అక్క అభిప్రాయం అది. ఆమె ఎడమ చేత్తో పెట్టింది. ఆమెకు వేరే అభిప్రాయం లేదు. దానిని నమోదు చేయించి, గురువారం పదకొండు నుండి శనివారం పదకొండు వరకు ఆ చీటీ సొరుగులో ఎందుకున్నదో విచారించవలెను. ఊరికే చిత్తగించి పక్కన పెట్టరని ఆశించుచున్నాను.

ఇంతవరకు తమ విధేయుడు,
(రోగి తమ్ముడు, కమిటీలో ప్రజల మనిషి)

తా.క. ఈ అర్జీ ముట్టినట్టు రసీదు అడిగితే తమ కార్యాలయపు గుమాస్తా గారు నా ముందు ఒక కాగితం పెట్టారు. సందర్శకుల అభిప్రాయ పత్రమట. అవే అయిదు బొమ్మలు. నా గీతే, నకలు మీద నకలు తీసి కన్నీటి చుక్క కాస్త పలచబడింది. కింద చిన్న అక్షరాలతో, "అసంతృప్తితో ఎవరూ ఈ గడప దాటరాదు." నవ్వే బొమ్మ మీద పెట్టేస్తే రసీదు ఇచ్చేస్తాను అన్నారాయన.

కలం ఎడమ చేతికి మార్చుకుని అయిదో దాని మీద పెట్టాను. గడి దాటింది.

కాబట్టి నన్ను బయటికి పంపడానికి తమకు అధికారం లేదు. తమ గది తలుపు పక్కనున్న బల్ల మీద కూర్చున్నాను. కమిటీ సోమవారం దాకా కూర్చోదని చెప్పారు. నాకు తొందరేమీ లేదు. నా చెయ్యి వాచి లేదు.