అడిగే చీటీ

బాగేపల్లి,
కార్తీక శుక్రవారం.

నాయనా తేజూ,

గడిదం స్వామి చల్లని చూపు వల్ల నేనూ మీ నాయనా ఇక్కడ బాగున్నాము. నువ్వు అక్కడ కోయంబత్తూరులో వేళకు తిని, ఒళ్ళు కాపాడుకుంటూ ఉండాలని రోజూ దీపం ముట్టించేటప్పుడు అడుగుతుంటాను.

వారానికి రెండుసార్లు ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నాము, మళ్ళీ ఈ కాగితాలెందుకు అనుకుంటావు. ఫోనులో నేను ఒక మాట మొదలుపెట్టేలోపు నీ గ్యారేజీలో ఎవరో బండి స్టార్ట్ చేస్తారు. నువ్వు "వినపళ్ళేదమ్మా" అంటావు. నా గొంతు సంగతి నీకు తెలిసిందే, పక్క గదికి కూడా పోదు. ఈ సంగతి సగం వినిపించి సగం వినిపించకుండా చెప్పేది కాదు. పద్నాలుగేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. నువ్వు పంపిన రేసు రూల్సు చదివాక ఇక పెన్ను పట్టక తప్పలేదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నా మోకాలు మెట్లు దిగేటప్పుడు మాత్రమే నొప్పి. మీ అక్క చైత్రకు చిక్కబళ్ళాపురంలో ఉద్యోగం ఖాయం చేస్తూ ఆదేశం వచ్చింది, పోయిన మంగళవారం స్వామికి పొంగలి పెట్టించాను. నీకు ఇష్టమని ఉసిరికాయ ఊరగాయ పెట్టాను, ఎవరైనా ఆ వైపు వస్తే పంపుతాను. అంగడి మామూలుగా నడుస్తోంది. ఇప్పుడు స్పేర్ పార్టులన్నీ జనం ఫోనులోనే తెప్పించుకుంటున్నారు కాబట్టి మీ నాయనకు పేపరు చదవడానికి బోలెడంత తీరిక.

నీ పదకొండు పేజీలూ ఆయన రెండుసార్లు చదివారు. డెలివరీ పనిచేసే పిల్లలూ, మెకానిక్కులూ తమ సొంత బండ్ల మీదనే పోటీ చేసే క్లాసు పెడుతున్నారని తెలిసి చాలా సంతోషపడ్డారు. టైర్లు అందరికీ ఒకే రకం ఉండాలన్నది మంచి మాట అన్నారు. ఇంజనుకు సీలు వెయ్యడం కూడా. అయితే ఖర్చుకు హద్దు పెట్టి బిల్లులు చూపించమంటే మాత్రం నవ్వారు. "ఎవుడు చూపిస్తాడు నిజం బిల్లు? గెలిచిన బండిని కట్టిన ధరకు అడిగే హక్కు పక్కోడికి ఉంటేనే చెయ్యి ఆగుతాది" అన్నారు. ఆ రూలు నువ్వు తొమ్మిదో పేజీలో రాశావు. అక్కడే నా చూపు ఆగిపోయింది.

'చీటీల డబ్బా అందరూ నమ్మే ఒక్క మనిషి చేతిలో ఉండవలెను' అని రాశావు. "గూళూరులో ఏడేళ్ళు మా అమ్మ చేతిలో ఉండింది, ఒక్క తప్పు జరగలేదని మీటింగులో చెప్పానమ్మా, అందరూ ఒప్పుకున్నారు, మన దగ్గర ఆ డబ్బా నా చేతికే ఇస్తామన్నారు" అని వేరే కాగితంలో రాశావు. మొదటి పేజీ మీద వేయడానికి నాయన బండి ఫోటో కూడా అడిగావు. ఇరవయ్యో తేదీ మీటింగులో అది ఖాయమవుతుందట. ఆ లోపల ఈ ఉత్తరం నీకు చేరాలి.

గూళూరు రేసు నీకు ఎంత గుర్తుందో. మునిశామప్ప చేనులో శెనక్కాయలు పెరికేశాక, ఆ ఎర్రమట్టి మీద సున్నంతో గీతలు గీసేవారు. రోడ్డు మీద పోయే బస్సులు నిలిచిపోయేవి. కండక్టర్లు కూడా దిగి చూసేవారు. నేను గంపెడు చిత్రాన్నం, కుండెడు మజ్జిగ తెచ్చేదాన్ని. ఇంటికి వచ్చి చీర దులిపితే కుచ్చిళ్ళ నుంచి దోసెడు దుమ్ము రాలేది. నలభై ఏళ్ళ వయసులో మీ నాయన ట్యాంకు మీద పొట్ట ఆనించి వంగితే కుర్రవాళ్ళు, "శెట్టప్పా, పొట్టకు కూడా లైసెన్సు ఉండాదా?" అని అరిచేవారు. ఆయన హెల్మెట్ లోపల నవ్వుకునేవారు.

మొదట్లో అందరివీ పాలు పోసే బండ్లూ, పట్టు గూళ్ళు మోసే బండ్లూ. రెండో ఏడు బెంగళూరు నుంచి ఎవరో బండిని లారీలో తెచ్చారు. బయటికి చూస్తే మన బండ్ల మాదిరే ఉండింది, లోపల అంతా వేరే సామాను. అది గెలిచింది. మనవాళ్ళు సగంమంది ఇంక రామన్నారు. ఇంకొకరు మీ నాయననే ఎత్తిపొడిచారు. "వాళ్ళనెందుకు అనేది? అంగడి నీది, పార్టులు నీవి, రేపు గెలుపు కూడా నీదే కదా శెట్టప్పా." ఆ మాట ఆయనకు తగిలింది. వారం ఆలోచించి ఆ రూలు పెట్టారు. గెలిచిన బండిని, ఆ రేసులో పరిగెత్తిన ఎవరైనా సరే, పన్నెండు వేలకు అడగవచ్చు. అడిగితే ఇచ్చి తీరాలి. ఇవ్వకపోతే ఆ మనిషికి ఇంక గూళూరులో రేసు లేదు. పన్నెండు వేలకు పోయే బండి మీద యాభై వేలు ఎవరు పెడతారు? లారీ బండ్లు మళ్ళీ కనబడలేదు. ఒక ఏడు గెలిచిన నరసింహప్ప కళ్ళనీళ్ళతో తాళం ఇచ్చాడు, మరుసటి ఏడు అదే బండిని తనే అడిగి తిరిగి తీసుకున్నాడు. ఊరంతా నవ్వుకున్నారు.

అడిగేవాళ్ళు రేసు ముగిసిన పావుగంటలోపు చీటీ రాసి ఇత్తడి చెంబులో వెయ్యాలి. ఆ చెంబు నా ఒళ్ళో ఉండేది. మూతికి పసుపు గుడ్డ కట్టి, మధ్యలో చిన్న సందు వదిలేదాన్ని. తియ్యడానికి ముందు అందరూ కళ్ళు మూసుకుని గడిదం స్వామిని తలుచుకోవాలని నేనే చెప్పాను. అది నేను పెట్టిన ఆచారం. తరువాత నేను చీటీ తీసి ఇస్తే, మునిశామప్ప గట్టిగా చదివేవాడు.

ఆరో ఏడు సంగతి ఇప్పుడు రాస్తున్నాను.

ఆ ఏడు రేసుకు మూడు నెలల ముందు మీ నాయనకు కుడి మణికట్టు బెణికింది. ఇంజను విప్పి పెట్టుకుని చెయ్యి తిప్పలేక కూర్చున్నారు. మన ఇంటి ఆడవాళ్ళు గ్రీసు ముట్టుకున్నది అంతకుముందు లేదు. అయినా నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. కర్ర చివర రబ్బరు కప్పుకు వాల్వు అంటించి, పేస్టు పూసి, రెండు అరచేతుల మధ్య తిప్పాలి. వాల్వులు నూరుకోవడానికి రూలు ఒప్పుకుంటుంది, కొత్త సామాను పెట్టకూడదు అంతే. ఎన్నిసార్లు తిప్పాలని అడిగాను. "గంధం తీసేటప్పుడు లెక్క పెట్టుకుంటావా?" అన్నారు. ఆ మాటతో నాకు పని అర్థమైపోయింది. మొదట గరగరమంటుంది, తరువాత సాన మీద గంధం లాగే నున్నగా జారుతుంది. అది చేతికే తెలుస్తుంది. వాల్వుల మీద కిరసనాయిలు పోసి, కారుతుందేమోనని అరగంట చూశాము. చుక్క కారలేదు. "నా చేతికంటే నీ చెయ్యే మేలు" అన్నారు మీ నాయన. పెళ్ళయిన పదిహేనేళ్ళకు ఆయన నన్ను మెచ్చుకున్న మాట అది. ఆ మూడు నెలలూ సాయంత్రం దీపం పెట్టగానే నేను షెడ్డులోకి వెళ్ళేదాన్ని. నువ్వు పక్కన ఎక్కాలు చదువుతూ తప్పులు చెప్పేవాడివి, ఆయన స్పానరు చూపించి బెదిరించేవారు. నా బతుకులో అంత సుఖంగా ఉన్న రోజులు వేరే లేవు.

ఆ బండి గెలిచింది. నిన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని మీ నాయన చేను చుట్టూ తిప్పారు. నాకు మాత్రం చెంబులో చీటీ పడిన చప్పుడు వినిపించింది. ఎవరు వేశారో నేను చూడలేదు, చెంబు పక్కన పెట్టి మజ్జిగ పోస్తూ అటు తిరిగి ఉన్నాను.

అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. గుడ్డ విప్పి చెయ్యి లోపలికి పెట్టాను. చీటీ ఒకటే ఉండింది. దాన్ని వేళ్ళ మధ్య మడిచి కొంగులోకి జార్చుకున్నాను. తరువాత చెంబు అందరి ముందర బోర్లించి, "ఎవరూ అడగలేదు" అన్నాను. ఎప్పటిలా మెల్లగానే అన్నాను. ఎవరూ రెండో మాట అడగలేదు.

గెలిచిన బండిని వదులుకోలేకపోతే దానిలో పెట్టాల్సిన దానికంటే ఎక్కువ పెట్టినట్టు లెక్క అని మీ నాయన అనేవారు. ఆయన డబ్బు సంగతి చెప్పారు. నేను పెట్టింది వేరే.

ఇంటికి వచ్చి వంటింట్లో విప్పి చూస్తే కెంచార్లహళ్ళి పిళ్ళప్ప పేరు. చించడానికి చెయ్యి రాలేదు. కుంకుమ భరిణె అడుగున పెట్టాను. ఇన్నేళ్ళూ ప్రతి పొద్దూ దాని మీదనే వేలు పెట్టి బొట్టు పెట్టుకున్నాను. ఆ తరువాత రెండేళ్ళు మన బండే గెలిచింది. శెట్టప్ప బండిని ఎవరూ అడగరని అదొక మర్యాద అయిపోయింది. తొమ్మిదో ఏడు చింతామణి కుర్రాడొకడు గెలిచి, తన బండికి చీటీ పడితే, "ఆయన బండి ఎప్పుడైనా అడిగినారా? నాదెందుకు ఇయ్యాల?" అన్నాడు. తాళం ఇవ్వకుండానే వెళ్ళిపోయాడు. రూలు అక్కడితో పోయింది, రేసూ పోయింది. అదెందుకు ఆగిపోయిందని నువ్వు అడిగావు. చేను లేఅవుట్ చేశారని మీ నాయన చెప్పి ఉంటారు. అది తరువాతి సంగతి.

నీ కాగితాలు వచ్చిన రోజు చీటీ తీసి మీ నాయన ముందర పెట్టి అంతా చెప్పాను. ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు, అన్నం మాత్రం తిన్నారు. మూడో రోజు పొద్దున షెడ్డులో బండి చప్పుడైంది. బయటికి వస్తే హెల్మెట్ చేతికిచ్చి, "కూర్చో" అన్నారు. పెళ్ళయిన కొత్తల్లో మాదిరి ఆయన భుజం పట్టుకుని చింతామణి మీదుగా కెంచార్లహళ్ళి దాకా పోయాను. ఇంజను ఒక్కచోట కూడా దగ్గలేదు. అది విని గర్వపడ్డాను. ఆ రోజు కూడా గర్వపడ్డానంటే చూడు.

పిళ్ళప్ప టమోటా పెట్టెలు సర్దుకుంటున్నాడు. బండిని చూసి, "ఏడో నంబరు కదప్పా" అని లేచి వచ్చాడు. మజ్జిగ ఇచ్చాడు. నేను చెప్పాను. పిళ్ళప్పకు కోపం వస్తుందనుకున్నాను. గ్లాసు కింద పెట్టి అడిగాడు.

"అట్లయితే మా అన్న ఏసినాడా?"

ఆ ఆరో ఏడు రేసు రోజు పిళ్ళప్ప బండి దిగకముందే, వాళ్ళన్న గంగప్ప చీటీ రాసి చెంబులో వేశాడు. డబ్బు ఇద్దరిదీ. గంగప్పకు దానితో ఎద్దులు కొనాలని ఉండింది. చీటీ లేదని నేను అన్నాక, తను వేశానని గంగప్ప ఎంత చెప్పినా తమ్ముడు నమ్మలేదు.

"నేనేమన్నానో తెలుసా అమ్మా? ఆయమ్మ అబద్ధం చెప్తాదా, నువ్వే ఎయ్యకుండా మోసం చేసినావు అన్నా."

అప్పుడు చూశాను, నాయనా. ఆ ఇంటి నడవ మధ్యలో ఇటుక గోడ, మనిషి ఎత్తుకంటే ఎక్కువ. అటువైపు ఎవరో దగ్గుతున్నారు. నేను లేచి గోడ దగ్గరికి పోయి, చీటీ నేనే దాచానని చెప్పాను.

"ఎవురమ్మా అది? వినపళ్ళే. గట్టిగా చెప్పు."

నాకు వచ్చినంత గట్టిగా చెప్పాను. అటువైపు నుంచి మళ్ళీ అదే గొంతు, గంగప్పది.

"ఇంకొక్కసారి చెప్పమ్మా. ఇది మా ఇంట్లోవాళ్ళు వినాల."

మూడోసారి చెప్పాను. ఆ గొంతు నాదేనా అనిపించింది. వీధిలో పోయేవాళ్ళు నిలబడ్డారు.

గంగప్ప వీధి చుట్టి ఇటు వచ్చాడు. పెద్దవాడైపోయాడు, కంటికి ఆపరేషన్ అద్దాలు. చీటీ చేతిలో పెట్టాను. కుంకుమ అంటి ఎర్రబడి ఉండింది. కన్నడ అక్షరాలు వేలితో తడిమి, "నా రాతే" అని తమ్ముడి ముందర పట్టాడు. పిళ్ళప్ప తల ఎత్తలేదు. అప్పుడు మీ నాయన ఆ చీటీ తీసుకుని, చేనులో మునిశామప్ప చదివినట్టే చదివారు. "ఏడో నంబరు బండి. అడిగినవాడు కెంచార్లహళ్ళి పిళ్ళప్ప." తాళం చాపారు. ధర అప్పటిదే అన్నారు. ఊరికే ఇస్తే దానం అవుతుంది, రూలు కాదు అన్నారు.

"నడుము పోయింది శెట్టప్పా, ఇప్పుడు నాకెందుకు?" అన్నాడు పిళ్ళప్ప.

గంగప్ప తమ్ముడి మొహం చూడలేదు. బండినే చూస్తూ, "తీసుకోరా. నేను ఎనకాల కుచ్చుంటా" అన్నాడు.

గోడ ఇంకా ఉండాది. అది పడిపోతుందని నేను రాయను. అది వాళ్ళ చేతిలో ఉన్న పని.

బస్సులో తిరిగి వచ్చాము. మీ నాయన హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. బాగేపల్లి దగ్గరికి వచ్చాక, "నువ్వు ఆ పొద్దు చెంబు బోర్లిస్తే నాకు పోయిన ప్రాణం వచ్చినట్లయింది. ఆ సంతోషం రాకూడదని అప్పుడే తెలుసు" అన్నారు. ఆ తరువాత నాతో మామూలుగా మాట్లాడుతున్నారు.

ఇప్పుడు నీ తొమ్మిదో పేజీ. ఒక్క మనిషి చేతిలో పెట్టవద్దు. చీటీని రెండు ముక్కలు చేసి, ఒకటి వేసినవాడి దగ్గరే ఉంచండి. గంగప్ప దగ్గర అలాంటి ముక్క ఒకటి ఉండి ఉంటే ఆ గోడ లేచేది కాదు. డబ్బా తెరిచేటప్పుడు ఎవరూ కళ్ళు మూసుకోకూడదు. డబ్బా పట్టుకున్నది నువ్వైనా, మీ అమ్మ అయినా ఇదే రూలు. బండి ఇప్పుడు మనది కాదు కాబట్టి ఫోటో లేదు. గూళూరు గురించి నువ్వు చెప్పింది తప్పని మీటింగులో నువ్వే చెప్పు. పేరు అడిగితే నా పేరు చెప్పు, నాకు అభ్యంతరం లేదు.

ఈ కాగితాలు మాత్రం ఎవరికీ చూపించవద్దు, నాయనా. నా తప్పు దాచుకోవడానికి కాదు, అది కెంచార్లహళ్ళి వీధంతా విన్నది. నేనూ మీ నాయనా ఆ షెడ్డులో కూర్చున్న సాయంత్రాలు వీటిలో ఉన్నాయి. ఆ బండి పోయాక నా దగ్గర మిగిలింది ఆ సాయంత్రాలే. వీటిని నీ పెట్టె అడుగున భద్రంగా పెట్టుకో.

ఇట్లు,
నీ మేలు కోరే
అమ్మ,
లక్ష్మీదేవమ్మ.